తాళంచెవి మేకుకే ఉంటుంది

లిల్లెనెస్,
12 జనవరి 1983

చిరంజీవి ఎయ్లిఫ్‌కి,

గున్‌వోర్ అత్తయ్య దీవెనలు. ఇక్కడ నేనూ, నా పొయ్యీ, పిల్లీ క్షేమం. ఓస్లోలో నువ్వెలా ఉన్నావో మీ రక్షణ శాఖ మంత్రిగారిని అడిగి తెలుసుకోవాలి కాబోలు. క్రిస్మస్ తర్వాత ఒక్క ముక్క రాస్తే ఒట్టు.

సంగతేమిటంటే మన ఊరికి అమెరికా సైనికులొచ్చారు. ఇరవై నలుగురు. చలికాలపు విన్యాసాలట. మునిసిపాలిటీ నుంచి ఫోన్ చేసి, "హాలు కమిటీకి నువ్వే కదా అధ్యక్షురాలివి, మార్చి నెలాఖరు దాకా మన మిత్రులకి హాలు వాడుకోనివ్వు" అన్నారు. సరేనన్నాను. మనం పిలిస్తే వచ్చినవాళ్లు, పైగా మన కోసం వచ్చినవాళ్లు. పడుకోవడానికి హాలు పక్కన గుడారాలు వేసుకున్నారు. హాల్లో రేడియో సామాను పెట్టుకున్నారు. తిండి అక్కడే, తడిసిన మేజోళ్లు ఆరేసుకోవడం అక్కడే. గుమ్మం ముందు ఒకడు తుపాకీ పట్టుకుని వంతులవారీగా నిలబడతాడు. ఎవరినుంచి కాపాడుతున్నాడో తెలియదు కానీ నిన్న మా పిల్లిని ఆపాడు.

వాళ్ల నాయకుడు కెప్టెన్ ప్రూయిట్. లూసియానా అనే చోటు వాడు. వాళ్ల ఊళ్లో మంచు అంటే గ్లాసులో వేసుకునేదట. మనిషి మర్యాదస్తుడు, బూట్లు తుడుచుకోకుండా లోపలికి రాడు. భాష సంగతి అడక్కు. నాకు రేడియోలో విన్న ఇంగ్లీషు, అతనికి రెండు చేతులు. అలా నడిచిపోతోంది.

ఒక్కటే పేచీ. వచ్చిన రోజే హాలు తాళంచెవి ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను. అది నా పొయ్యి పక్కన మేకుకి ఉంటుందని నీకు తెలుసు. పెళ్లయినా, చావయినా, పాటల బృందమయినా నేనే వెళ్లి తీస్తాను, నేనే వేస్తాను. పొద్దున్న ఆరింటికి తీసి సాయంత్రం ఏడింటికి వేస్తున్నాను. మధ్యలో కావలసి వస్తే వంద అడుగులు నడిచొచ్చి నా తలుపు కొట్టమన్నాను. కాఫీ కూడా దొరుకుతుందన్నాను. సరేనని వెళ్లి, మర్నాడు మళ్లీ అడిగాడు.

నువ్వు కూర్చునేది ఆ మిత్రదేశాల ఆతిథ్య విభాగంలోనే కదా. ఇంత పెద్ద అతిథులతో ఎలా నడుచుకోవాలో రాయి. తాళంచెవి ఇచ్చే ప్రశ్న మాత్రం లేదు.

నీ అత్తయ్య,
గున్‌వోర్

తా.క.: ఇక్కడ సూర్యుడు ఎన్నింటికి ఉదయిస్తాడని కెప్టెన్ అడిగాడు. ఇరవై ఒకటో తారీఖున అన్నాను. మన ఉత్తరాన చలికాలంలో రెండు నెలలు పొద్దే పొడవదని అతనికెవరూ చెప్పినట్టు లేదు. పాపం, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.


ఓస్లో,
20 జనవరి 1983

ప్రియమైన అత్తయ్యకి,

ఎయ్లిఫ్ నమస్కారాలు. నీ ఉత్తరం ఆఫీసు చిరునామాకి పంపావు. ఇక్కడికి వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి ఫైల్లో పెట్టేస్తారు. మీ పిల్లిని సైనికుడు ఆపిన సంగతి ఇప్పుడు ప్రభుత్వ రికార్డుల్లో ఉంది. దయచేసి ఇకమీదట ఇంటికి రాయి.

నువ్వడిగినదానికి జవాబు. శాంతికాలంలో పరాయి సైన్యానికి మన గడ్డమీద స్థావరం ఇవ్వం. అమెరికా వాళ్ల సైనిక కూటమిలో చేరినప్పటినుంచీ మన మాట అదే. మిత్రులు రావచ్చు, విన్యాసాలు చేసుకోవచ్చు, తర్వాత వెళ్లిపోవాలి. వాళ్లు బొత్తిగా రాకపోతే తూర్పున ఉన్న పొరుగువాడు మనల్ని లక్ష్యపెట్టడు. వచ్చి ఉండిపోతే ఉలిక్కిపడతాడు. అందుకని మా విభాగం పనల్లా ఒక చేత్తో రమ్మనడం, రెండో చేత్తో నెమ్మది నెమ్మది అనడం. రెండు చేతులూ ఒకేసారి ఊపుతుంటే చూసేవాళ్లకి దోమలు తోలుకుంటున్నట్టుంటుంది. నాకు అలవాటైపోయింది.

కాబట్టి మాటల దగ్గర జాగ్రత్త. వాళ్లు ఊళ్లో "ఉంటున్నారు" అని ఎక్కడా రాయకు. "వచ్చి ఉన్నారు" అను. "మకాం" అనే మాట ఎత్తకు. ఇదంతా నీకు చాదస్తంగా కనిపిస్తుంది కానీ, ఇక్కడ ఒక్క మాట కోసం ముగ్గురం రెండు వారాలు కూర్చున్న సందర్భాలున్నాయి.

తాళంచెవి ఇచ్చెయ్యి అత్తయ్యా. అంత పెద్ద దేశం మన కోసం తన పిల్లల్ని ఈ చలిలోకి పంపితే, మనం ఇనప ముక్క దగ్గర పట్టుబట్టడం బాగుంటుందా? నమ్మకం లేనిదే స్నేహమేమిటి?

ఇట్లు,
నీ ఎయ్లిఫ్

తా.క.: నువ్వల్లిన ఉన్ని మేజోళ్లు అందాయి. అవీ ఆఫీసుకే పంపావు. అనుమానాస్పద పార్సెలని తనిఖీకి పట్టుకుపోయారు. ఒక మేజోడు తిరిగొచ్చింది.


లిల్లెనెస్,
14 ఫిబ్రవరి 1983

చిరంజీవి ఎయ్లిఫ్‌కి,

అత్తయ్య దీవెనలు. రెండో మేజోడు కూడా అల్లుతున్నాను. ఇంటికి రాయమన్నావు కానీ ఇంట్లో నువ్వెప్పుడుంటావు? ఆఫీసుకైతే కనీసం ఎవరో ఒకరు చదువుతారు.

నువ్వు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. "ఉంటున్నారు" అన్న మాట నా నోట రాలేదు, నా కలం నుంచీ రాలేదు.

మనవాళ్లు బాగా కలిసిపోయారు. వాళ్లకి వచ్చే ఉత్తరాలు ఎక్కడ వెయ్యాలో తెలియక పోస్టమ్మాయి ఓస్లౌగ్ సతమతమవుతుంటే, కెప్టెన్ ఒక చెక్కపెట్టె కొట్టించి, మీద "ప్రూయిట్" అని రాయించి, రోడ్డు పక్కన నా పెట్టె పక్కనే నిలబెట్టాడు. చూడముచ్చటగా ఉంది. ఆకుపచ్చ రంగు.

ఇంకో శుభవార్త. వాళ్లని ఊరుమ్మడి పని జాబితాలో వేశాను. పద్ధతి నీకు గుర్తుందిగా, చలికాలంలో మూడు వారాలు ఊళ్లో పొయ్యి వెలిగించినవాళ్లెవరైనా మార్చిలో హాలు పనికి రావాలి. కప్పు మీది మంచు దించడం, నేల రుద్దడం, కుర్చీలు తుడవడం, చివర అందరికీ వాఫెల్స్, కాఫీ. యాభై ఎనిమిదిలో మంచుకి ఇరుక్కుపోయిన బిషప్ గారి చేత కూడా మెట్లు కడిగించాం. ఈయనగారికి మాత్రం మినహాయింపెందుకు? చెప్పగానే కెప్టెన్ తెగ సంబరపడ్డాడు. జాబితాలో తన పేరు చూసుకుని ఫోటో తీసుకున్నాడు. అమెరికాలో వాళ్లమ్మకి పంపుతాడట.

జాబితా ఎప్పటిలాగే కొట్టు గోడకి అంటించాను, ఎప్పటిలాగే మన ప్రాంతపు ఫ్యోర్డ్ పత్రికలో వేయించాను. కత్తిరించి ఇందులో పెట్టాను చూడు. "ఈ ఏటి లిల్లెనెస్ గ్రామస్థులు" అని పైన పెద్దక్షరాలు. నువ్వన్నట్టు "ఉంటున్నారు" అని మాత్రం ఎక్కడా లేదు.

తాళంచెవి మేకుకే ఉంది. ఈమధ్య కెప్టెన్ తనంతట తాను అడగడం మానేశాడు. పొద్దున్న నేను వెళ్లేసరికి తలుపు ముందు టోపీ తీసి నిలబడి ఉంటాడు. కానీ మొన్న వాళ్ల పైవాళ్ల దగ్గరనుంచి కాగితమొకటి తెచ్చాడు. హాలు వాళ్లొక్కరికే ఉండాలట, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలట. కాగితం ఇస్తున్నంతసేపూ తన బూట్లకేసే చూశాడు. కాఫీ పోసి పంపాను. కాగితం పొయ్యి పక్కన పెట్టాను, మంటకి బాగా దగ్గరగా.

నీ అత్తయ్య,
గున్‌వోర్

తా.క.: వాళ్లలో ఒకడు మన ఎండు చేపని సుత్తితో కొట్టకుండా కొరికాడు. పన్ను ఊడింది. చేపకి ఏమీ కాలేదు.


మిత్రదేశాల ఆతిథ్య విభాగం,
ఓస్లో, 24 ఫిబ్రవరి 1983
విషయం: లిల్లెనెస్ జాబితా. అత్యవసరం.

లిల్లెనెస్ సభాభవన కమిటీ అధ్యక్షురాలు
శ్రీమతి గున్‌వోర్ మీర్‌వోల్ గారికి,

తాము ఫ్యోర్డ్ పత్రికలో ప్రకటించిన జాబితా తూర్పు పొరుగుదేశపు రాయబార కార్యాలయం దృష్టికి వెళ్లినది. ఇరవై నలుగురు అమెరికన్ సైనికులు లిల్లెనెస్ గ్రామస్థులెప్పుడైనారో, వారికి ప్రత్యేక తపాలాపెట్టె ఎందుకో వివరణ ఇవ్వవలసిందిగా వారు లిఖితపూర్వకంగా కోరినారు. తపాలాపెట్టె ఫోటో కూడా జతపరచినారు. ఇదే విషయమై పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యులొకరు ప్రశ్న వేసి ఉన్నారు. మంత్రిగారు ఈస్టరు సెలవులకు ముందే సమాధానం చెప్పవలసి ఉన్నది.

కావున సదరు సైనికులు లిల్లెనెస్‌లో నివసించుట లేదు అన్న విషయాన్ని తాము గుర్తించి, జాబితా నుండి పేర్లను, రోడ్డు పక్క నుండి పెట్టెను తక్షణం తొలగించవలెను. ఇకముందు వారి పట్ల గ్రామం యొక్క ప్రవర్తన, వారు అక్కడ నివసించుట లేదన్న వాస్తవానికి పూర్తిగా అనుగుణంగా ఉండవలెను.

ఇట్లు, తమ విధేయుడు,
ఎయ్లిఫ్ మీర్‌వోల్, సహాయ కార్యదర్శి

తా.క.: అత్తయ్యా, ఈ "తాము"లన్నీ చూసి బాధపడకు, ఇది ఆఫీసు భాష. ఇంకోమాట. మా అధికారి క్రోగ్ గారు "ఈ గున్‌వోర్ మీర్‌వోల్ మీకేమైనా బంధువా?" అని అడిగారు. గది నిండా మనుషులున్నారు. దూరపు బంధువన్నాను. క్షమించు.


లిల్లెనెస్,
2 మార్చి 1983

శ్రీయుత సహాయ కార్యదర్శి గారికి,

దూరపు బంధువు గున్‌వోర్ రాయునది.

మీ అమ్మ పోయాక నీ ముక్కు తుడిచింది దూరపు బంధువు. నీకు స్కీయింగ్ నేర్పింది దూరపు బంధువు. నువ్వు పడవలోంచి నీళ్లలో పడితే జుట్టు పట్టుకుని లాగింది కూడా ఆవిడే, కాకపోతే అప్పుడు కాస్త దగ్గరగా ఉంది.

తమ ఆజ్ఞ శిరసావహించాను. పేర్లు కొట్టేశాను. పెట్టె పీకేశాను. ఓస్లౌగ్ ఏడ్చింది. ఇక వాళ్లు ఇక్కడ లేరన్న వాస్తవానికి అనుగుణంగా ఊరంతా నడుచుకోవాలన్నావు కదా, అక్షరాలా నడుచుకుంటున్నాం. లేనివాళ్లకి కట్టెలెందుకని కట్టెలు ఆపాను. లేనివాళ్లకి కాఫీ ఎవరు పోస్తారు? అదీ ఆపాను. హాలు ఖాళీగా ఉన్నట్టే కాబట్టి సోమవారం పాటల బృందానికిచ్చాను, బుధవారం బింగోకిచ్చాను. నిన్న ముసలి ఓలుఫ్‌ని మట్టి చేశాక చావు కాఫీ అక్కడే పెట్టాం. అరవైమంది జనం. రేడియో సామాను మీద గుడ్డ కప్పి కేకులు పెట్టాం, చక్కటి ఎత్తులో ఉంది. కెప్టెన్ మనుషులు గోడవారన నిలబడ్డారు. ఎవరూ వాళ్లకేసి చూడలేదు, లేరు కదా మరి.

నేనే ఆ గోడవైపు వీపు పెట్టి కేకులు కోశాను. కెప్టెన్ నా దగ్గరికొచ్చి, "అమ్మా, మావల్ల తప్పేమైనా జరిగిందా?" అని చేతులతో అడిగాడు. ఏం చెప్పను? మా దూరపు బంధువు ఓస్లోలో ఉద్యోగం చేస్తున్నాడని చెప్పనా? ఇంకో కేకు కోశాను. అతను వెళ్లి వాళ్ల పైవాళ్లకి ఏదో పొడుగాటి కాగితం రాసుకున్నాడు.

ఇట్లు,
తమ
గున్‌వోర్ మీర్‌వోల్

తా.క.: బింగోలో మొదటి బహుమతి, గొర్రె కాలు, లేనివాళ్లలో ఒకడికి వచ్చింది. కమిటీ సమావేశం పెట్టాల్సి వచ్చింది. ఇచ్చేశాం. తినడానికి ఉన్నాడు కదా అన్నారు.


ఓస్లో,
8 మార్చి 1983

అత్తయ్యా,

కొంప మునిగింది. ఆ పొడుగాటి కాగితం మెట్లెక్కుతూ మెట్లెక్కుతూ వాళ్ల రాయబారి దాకా వెళ్లింది. "ఆతిథ్యదేశం సహకారాన్ని ఉపసంహరించుకున్నది. కట్టెలు నిలిపివేసినది. కాఫీ నిలిపివేసినది" అని ఉంది అందులో. నార్వే కూటమి నుంచి దూరం జరుగుతోందా అని నిన్న అడిగారు.

ఇప్పుడు నా బల్లమీద రెండు ఉత్తరాలున్నాయి. ఎడమవైపు దాంట్లో, అమెరికా వాళ్లకి మీ దేశంలో ఇళ్లిచ్చారని నిలదీశారు. కుడివైపు దాంట్లో, అమెరికా వాళ్లని మీ దేశంలోంచి గెంటేస్తున్నారని నిలదీశారు. రెండూ లిల్లెనెస్ గురించే. ముప్ఫై ఏళ్లుగా ఈ రెండు పడవలూ ఒకదానికొకటి తగలకుండా నడుపుతున్నాం అత్తయ్యా. నువ్వు ఎనిమిది వారాల్లో రెండింటినీ తీసుకొచ్చి మన రేవులో కట్టావు.

క్రోగ్ గారు నాతో మాట్లాడ్డం మానేసి నోట్లు పంపుతున్నారు. నన్ను ఫైళ్ల గదికి మారుస్తారని చెప్పుకుంటున్నారు. అది భూమి కిందుంటుంది.

ఒకే ఒక్క దారుంది. అమెరికా వాళ్లు కోరేది చిన్నది. ప్రతి చలికాలం ఆ సభాభవనం వాళ్లొక్కరికే వదలాలి, తాళంచెవి ఏడాది పొడుగునా వాళ్ల దగ్గరే ఉండాలి. ఇస్తే నమ్మకం కుదురుతుందట. పైవాళ్లు దాదాపు ఒప్పుకున్నారు. హాలు ఊరిది కాబట్టి కమిటీ అధ్యక్షురాలి సంతకం కావాలి. కాగితం జతపరిచాను. సంతకం పెట్టి తిరుగు టపాలో పంపు.

చిన్నప్పటినుంచీ నిన్నేమీ అడగలేదు. ఇదొక్కటీ చెయ్యి.

నీ ఎయ్లిఫ్

తా.క.: చిన్నప్పుడు చాలా అడిగానని రాస్తావు, తెలుసు. అయినా సంతకం పెట్టు.


లిల్లెనెస్,
13 మార్చి 1983, ఆదివారం

ఎయ్లిఫ్, నాయనా,

నీమీద కోపం పోయింది. కట్టెలు, కాఫీ మళ్లీ మొదలుపెట్టాను. సంతకం మాత్రం పెట్టను. ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను విను.

నలభైలో నాకు పంతొమ్మిదేళ్లు. జర్మన్ అధికారి ఒకడు వచ్చాడు. సన్నగా, కళ్లద్దాలతో, బడిపంతులులా ఉండేవాడు. హాలు తాళంచెవి రెండు వారాలకి కావాలన్నాడు. అతను మనం పిలిస్తే వచ్చినవాడు కాదు, అతనికి ఎదురుచెప్పే దారీ లేదు. మా నాన్న, అంటే మీ తాత, మేకునుంచి తీసి అతని చేతిలో పెట్టాడు. ఆ రెండు వారాలు నాలుగేళ్లు అయ్యాయి. ఆ నాలుగేళ్లలో ఈ ఊళ్లో పెళ్లిళ్లు పశువుల కొట్టాల్లో జరిగాయి. నలభై నాలుగు శరదృతువులో వాళ్లు వెనక్కి తగ్గుతూ ఊరు మొత్తం తగలబెట్టారు. ఇళ్లు, పడవలు, రేవు, హాలు. మమ్మల్ని దక్షిణాదికి తరలించడానికి తమ పడవెక్కించే ముందు ఆ అధికారి నాన్న దగ్గరికొచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి, థాంక్స్ చెప్పి తిరిగి ఇచ్చాడు. మర్యాదస్తుడు. వెనకాల హాలు ఇంకా కాలుతూనే ఉంది.

నాన్న ఆ తాళంచెవి జేబులో వేసుకుని దక్షిణాదికి వెళ్లాడు, జేబులో వేసుకునే తిరిగొచ్చాడు. నలభై తొమ్మిదిలో ఊరంతా కలిసి కొత్త హాలు కట్టుకున్నాం. తలుపు చేయించాక దానికి తాళంచెవి చేయించలేదు. ఈ తాళంచెవికి సరిపడా తాళం చేయించాం. నా పొయ్యి పక్కన ఉన్నది అదే.

కెప్టెన్‌ని ఆ మనిషితో పోలుస్తున్నానని అనుకోకు, నాకంత బుద్ధి లేకపోలేదు. ఈ పిల్లాడు మన పిలుపు మీద వచ్చాడు. రేపు నిజంగా ఆపదొస్తే మొదట రావలసింది ఇతనే, నా గుమ్మంలో నేనే ఎదురుచూస్తాను. ఏ వేళప్పుడొచ్చినా తీస్తాను. కానీ తీసేది నేను కావాలి. అడిగి రావడానికీ, తాళంచెవి జేబులో వేసుకుని రావడానికీ చాలా తేడా ఉంది. మా నాన్న మొహం చూసినదాన్ని, నాకు తెలుసు.

మీ కాగితం తిప్పి పంపుతున్నాను. వాళ్లకి రాతలో ఏదో ఒకటి కావాలంటే హాలు నియమాలు ఇవ్వు. మంత్రిగారికైనా, బిషప్‌కైనా ఇవే:

ఒకటి, అడిగిన స్నేహితులకి ఏ వేళనైనా హాలు తీయబడును.
రెండు, తీసేదీ వేసేదీ ఇంటివాళ్లే. తాళంచెవి మేకుకే ఉంటుంది.
మూడు, చావు కాఫీ అన్నిటికన్నా ముందు.
నాలుగు, వెళ్లేముందు నేల కడగాలి.
అయిదు, మళ్లీ రావాలంటే మళ్లీ అడగాలి.

నిన్న ఊరుమ్మడి పని జరిగింది. జాబితాలో పేర్లు లేకపోయినా ఇరవై నలుగురూ చీపుళ్లతో దిగారు. పని అయ్యాక వాఫెల్స్ తింటూ కెప్టెన్‌కి ఈ తాళంచెవి కథ చెప్పాను. ఓస్లౌగ్ పక్కనుండి మాటలందించింది.  అంతా విని లేచి, నాకు కాఫీ తానే పోశాడు.

నిన్ను ఫైళ్ల గదికి పంపిస్తే ఆ రెండో మేజోడు బాగా ఉపయోగపడుతుంది. పంపుతున్నాను.

నీ అత్తయ్య

తా.క.: కప్పు మీద మంచు దించుతూ ఇద్దరు సైనికులు జారి చంకల దాకా కూరుకుపోయారు. తవ్వి తీశాం. కప్పు మాత్రం ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.


ఓస్లో,
6 ఏప్రిల్ 1983

అత్తయ్యా,

కూర్చున్నావా? కూర్చుని చదువు.

నీ ఉత్తరం మళ్లీ ఆఫీసుకే పంపావు. నేను చూసేలోపే నంబరు వేసి లిల్లెనెస్ ఫైల్లో పెట్టేశారు. ఆ ఫైలు ఆ సాయంత్రమే మంత్రిగారి బల్ల మీదికి వెళ్లింది. మర్నాడు పిలుపొచ్చింది.  వెళ్లేసరికి మంత్రిగారు నీ ఉత్తరం చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఆయనదీ ఉత్తరాదేనట. వాళ్ల ఊరూ కాలిందట. "మన విధానం ఏమిటో ఇరవై ఏళ్లుగా ఉపన్యాసాలిస్తున్నాను, ఇంత తేటగా ఒక్కసారీ చెప్పలేకపోయాను" అన్నారు.

నీ అయిదు నియమాలూ అమెరికా వాళ్లకి పంపారు. మొదటిది చూసి వాళ్ల మనసు కుదుటపడింది. రెండోదానికి కాస్త మొహం ముడుచుకుని ఒప్పుకున్నారు. మూడోదాని దగ్గర వాళ్ల న్యాయవాదులు రెండు రోజులు ఆగిపోయారు. "చావు కాఫీ" అన్నది మన రహస్య యుద్ధప్రణాళిక పేరనుకున్నారట. కాదని చెబితే నమ్మలేదు. చివరికి, "చావు కాఫీకి మేమూ పూర్తి ప్రాధాన్యం ఇస్తాము" అని గంభీరంగా సంతకం పెట్టారు.

పార్లమెంటులో మంత్రిగారు, "వాళ్లు గ్రామస్థులు కారు, అతిథులు. తలుపు తీయించుకుని లోపలికి వచ్చారు, నేల కడిగి బయటికి వెళ్లారు" అన్నారు. తూర్పు రాయబార కార్యాలయం నుంచి "గమనించడమైనది" అని ఒక ముక్క వచ్చింది. మా భాషలో అది దాదాపు ముద్దుపెట్టుకోవడం.

అమెరికా వాళ్లు ఒకే ఒక షరతు కలిపారు. వాళ్ల కెప్టెన్ నివేదికలో అడిగాడట. ఆరోది: ఏటా సెప్టెంబరులో రెండు దేశాల అధికారులు కలిసి ఆ తాళాన్ని, తాళంచెవిని స్వయంగా తనిఖీ చేసి, అవి సక్రమంగా పనిచేస్తున్నాయని సంతకాలు చెయ్యాలి. ఇందులో ఇబ్బందేముందని వెంటనే ఒప్పుకున్నాం. అటునుంచి కెప్టెన్ ప్రూయిట్, ఇటునుంచి క్రోగ్ గారు, నేను వస్తున్నాం.

ఫైళ్ల గది తప్పింది. క్రోగ్ గారు మళ్లీ అడిగారు, ఈ గున్‌వోర్ మీకేమవుతారని. ఈసారి గదిలో ఇంకా ఎక్కువమంది ఉన్నారు. "మా మేనత్త, నన్ను పెంచిన మనిషి" అన్నాను. అప్పుడు అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నీ దగ్గరి బంధువు,
ఎయ్లిఫ్

తా.క.: ఇనప ముక్క అని రాశాను చూడు, ఆ ఉత్తరం చింపెయ్యి. ఇక్కడి నకలు చింపుదామంటే దానికి నంబరుంది.


లిల్లెనెస్,
14 ఏప్రిల్ 1983

చిరంజీవి ఎయ్లిఫ్‌కి,

అత్తయ్య దీవెనలు. ఈ ఉత్తరం మీ ఇంటికే పంపుతున్నాను, గమనించావా? చదివాక పొయ్యిలో వెయ్యి. మీ ఆఫీసు ఛాయలకి దీన్ని తీసుకెళ్లకు.

ఆ తాళం పనిచెయ్యదు.

అరవై ఒకటి చలికాలంలో లోపలి స్ప్రింగు విరిగిపోయింది. బాగుచెయ్యడానికొచ్చినవాడు పాత తాళంచెవి పారేసి కొత్త తాళం వేయించుకొమ్మన్నాడు. కాఫీ పోసి పంపేశాను. అప్పటినుంచీ తలుపు తోస్తే వస్తుంది. పెద్దగాలికి దానంతటదే వస్తుంది. ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, నువ్వు తప్ప, ఎందుకంటే నువ్వు ఎప్పుడూ అడక్కుండా వెళ్లింది లేదు. ఎవరూ వెళ్లలేదు. ఇరవై రెండేళ్లుగా నా తలుపు కొట్టి, "గున్‌వోర్, హాలు తీస్తావా?" అంటారు. నేను వెళ్లి తాళంచెవి పెట్టి తిప్పుతాను, మోచేత్తో తోస్తాను.

అమెరికా వాళ్లకి తెలియదనుకున్నాను. మార్చి ఇరవై ఎనిమిదిన వెళ్లిపోతూ కెప్టెన్ ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే తాళాలకి వేసే నూనె సీసా. దానికి చీటీ కట్టి ఉంది. ఓస్లౌగ్ చదివి పెట్టింది.

"అమ్మా, మేం వచ్చిన మూడోరోజు తెల్లవారకముందే గాలికి మీ తలుపు తెరుచుకుంది. మా రేడియో లోపలే ఉంది, చలి బయట వణికిస్తోంది. అయినా తలుపు మళ్లీ దగ్గరకి వేసి, మీరొచ్చేదాకా బయటే నిలబడ్డాం. ఆ తర్వాత రోజూ అంతే. పైవాళ్లకి ఇది ఎలా రాయాలో తెలియక మీ దగ్గరికి వాళ్ల కాగితాలే మోసుకొచ్చాను. మన్నించండి."

ఇరవై నలుగురు బలమైన కుర్రాళ్లు, గుమ్మం ముందు తుపాకీ, వెనకాల ప్రపంచంలోకెల్లా గొప్ప సైన్యం. తోస్తే వచ్చే తలుపు ముందు పది వారాలు టోపీలు తీసి నిలబడ్డారు, ఒక ముసలిది చలిలో కాళ్లీడ్చుకుంటూ వచ్చి తీసేదాకా. చీటీ విన్నాక పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను ఎయ్లిఫ్. ఓస్లౌగ్ ఎలాగూ ఏడుస్తుంది. నాన్న ఉంటే బాగుండుననిపించింది. పాత హాలుకి తాళం సవ్యంగా పనిచేసిన రోజుల్లో దానివల్ల మాకు ఒరిగిందేమీ లేదు.

కాబట్టి సెప్టెంబరు తనిఖీకి భయపడకు. ఆ షరతు ఎందుకు పెట్టించాడో నాకర్థమైంది. మళ్లీ రావాలంటే మళ్లీ అడగాలన్నాం కదా, వెర్రినాయన ఇలా అడిగాడు. అతను టోపీ తీసి నిలబడతాడు. నేను తాళంచెవి పెట్టి తిప్పుతాను, మోచేత్తో తోస్తాను. సక్రమంగా పనిచేస్తోందని అతను సంతకం పెడతాడు. నువ్వూ పెట్టు. అబద్ధమేమీ కాదు.

క్రోగ్ గారిని మాత్రం ఆ తలుపుకి ఆనుకోనివ్వకు.

నీ అత్తయ్య,
గున్‌వోర్

తా.క.: సెప్టెంబరులో హాలు కిటికీలు కడగాలి. జాబితాలో మీ ముగ్గురి పేర్లూ వేశాను. పేపర్లో వెయ్యలేదులే.